చేను డబ్బు, ఆవిడ నవ్వు

ప్రశ్న: మొన్న ఆదివారం మా ఆవిడతో కలిసి 2019లో వచ్చిన 'సి యో ఫ్వేరా రికో' అనే స్పానిష్ కామెడీ చూశాను. విడాకులకు సిద్ధమైన మొగుడికి లాటరీ తగులుతుంది, పెళ్లానికి తెలిస్తే సగం పోతుందని స్నేహితులు భయపెడితే దాచేస్తాడు. ఆమె పడీపడీ నవ్వింది. నాకేమో చెమటలు. మా నాయన నుంచి వచ్చిన చేను అమ్మితే అందిన 14 లక్షలు నా అకౌంట్లో ఉన్నాయని ఆమెకు చెప్పలేదు. చెబితే వాళ్ల తమ్ముడి అప్పు తీర్చమంటుంది. చట్టప్రకారం సగం ఇవ్వాలా? - ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అక్కర్లేదు సామీ, ఆ భయం ఆ దేశపు మొగుడిది. స్పెయిన్‌లో చాలా ప్రాంతాల్లో, వేరేగా రాసుకోకపోతే, కాపురం సాగినన్నాళ్లు ఎవరు సంపాదించినా ఇద్దరిదీ. జూదంలో గెలిచింది కూడా ఉమ్మడి సొత్తేనని వాళ్ల సివిల్ కోడ్‌లోనే ఉంది. అందుకే పాపం అంత డబ్బు చేతిలో ఉన్నా, ఆమె కంటపడకుండా ఖర్చు పెట్టడానికి నానా తంటాలు పడతాడు. తమాషా ఏమంటే వారసత్వంగా వచ్చింది అక్కడా ఉమ్మడిలో కలవదు, కాబట్టి మీ చేను డబ్బుకు స్పెయిన్‌లో కూడా ఢోకా లేదు! మన హిందూ చట్టంలో సగం అనే లెక్కే లేదు. కాకపోతే కోర్టు దాకా పోతే, భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు చూపిస్తూ అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ దాస్తే అడ్డంగా దొరికిపోతారు.

మీరు కోర్టులో లేరు కదా, ఇంట్లోనే ఉన్నారు. ఆమె వండిన సంగటి తింటూ, బ్యాంకు మెసేజ్ మోగినప్పుడల్లా ఫోన్ బోర్లా తిప్పుతుంటారు, అంతేనా? చేను అమ్మడమంటే గుట్టుగా జరిగే పనా, కొన్నవాడికి తెలుసు, సాక్షి సంతకాలు పెట్టినవాళ్లకు తెలుసు, మధ్యవర్తికి తెలుసు, వాడు టీ అంగట్లో ఎంతమందికి చెప్పాడో దేవుడికి తెలుసు. మీ ఆవిడకు మాత్రం తెలియదని మీ నమ్మకం. ఆమె నవ్వింది సినిమా చూసేనా అని నాకు డౌటు.

బామ్మర్ది అప్పు తీర్చనని ముఖాన చెప్పండి, ఒక వారం మాట్లాడకుండా వడ్డిస్తుంది, అంతకన్నా ఏం కాదు. అన్నట్టు ఆ అకౌంట్‌కు నామినీ ఎవరు? పదేళ్లు కదలని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు నిధికి పంపేస్తాయి. తర్వాత కూడా వారసులు అడిగి తెచ్చుకోవచ్చు, కానీ డబ్బుందని తెలిస్తే కదా అడిగేది.

ప్రశ్న: మా ఆయన చేతిలో డబ్బు నిలవదు. ఆయనకు తెలియకుండా మా వీధిలో ఒకామె దగ్గర చీటీ కడుతున్నాను. తప్పా? - ఒక పాఠకురాలు, కడప

జవాబు: తప్పొప్పుల సంగతి తర్వాతమ్మా, ఆ చీటీ రిజిస్టరైందా? 1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం రిజిస్టర్ కాని చీటీ నడపకూడదు. మీ దగ్గర కాగితం ముక్క కూడా ఉండదని నా అంచనా. కనీసం నెలనెలా కట్టినదానికి చిన్న పుస్తకంలో ఆమె సంతకం చేయించుకోండి. రేపు ఆమె ఎత్తేసిందంటే, ఆ పుస్తకం పట్టుకుని మీతో పోలీస్ స్టేషన్‌కు రావాల్సింది మీ ఆయనే.