హిట్ పాటకి పేరడీ కడితే వీడియో తీసేశారు. ఇది నా వాక్ స్వాతంత్ర్యం కాదా?

అమెరికాలో ఉంటూ ఒక హిట్ పాట బాణీలో మీ ఊరి మేయర్ మీద పేరడీ కట్టానని, టేక్‌డౌన్ (కాపీరైట్ ఫిర్యాదు మీద వీడియో తీసేశామనే నోటీసు) వచ్చిందని, వాక్ స్వాతంత్ర్యమిచ్చే అమెరికా రాజ్యాంగం మొదటి సవరణ కాపాడదా అని అడిగారు. నేనూ ఇక్కడే ఉంటాను. ఇదే గొడవలో రెండుసార్లు ఇరుక్కున్నాను.

మొదటిది ఆఫీసు మీటింగుల మీద రాసిన పాట. ఓ డ్యూయెట్ బాణీ తీసుకుని, నెట్‌లో దొరికిన కరోకే ట్రాక్ మీద పాడేశాను. మర్నాటికే వీడియో ఎగిరిపోయింది. రాజ్యాంగం గురించి సైటువాళ్లకి రెండు పేజీల మెయిల్ దంచాను (ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది). మొదటి సవరణ చేతులు కట్టేసేది ప్రభుత్వానికి, వీడియో సైటుకి కాదు. పైగా కాపీరైట్ చట్టం లోపలే వాక్ స్వాతంత్ర్యానికి చోటుందని, అదే ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే కొంత వాడుకునే వెసులుబాటు) అని అమెరికా సుప్రీంకోర్టు 2003లో ఎల్డ్రెడ్ కేసులో చెప్పేసింది. కాబట్టి వాదన ఏదైనా ఆ చట్టంలో ఫెయిర్ యూజ్ గురించి చెప్పే సెక్షన్ 107 కిందే.

అక్కడ చూసేది ముఖ్యంగా, వెక్కిరింత ఎవరి మీద అని. టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం రాయ్ ఆర్బిసన్ 'ఓ ప్రెటీ వుమన్'కి పేరడీ కట్టింది. పబ్లిషర్ ఒప్పుకోకపోయినా ఆల్బమ్‌లో పెట్టి అమ్మింది. డబ్బులకి అమ్మినంత మాత్రాన ఫెయిర్ యూజ్ పోదని 1994లో తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాట మీద చెప్పి, కేసుని కిందికి తిప్పి పంపారు. అదే తీర్పులో మెలిక కూడా ఉంది. పాటనే ఎగతాళి చేస్తే దాంట్లోంచి కొంత తీసుకోక తప్పదు. ఇంకెవరినో ఏకడానికి బాణీ అరువు తెచ్చుకుంటే మాత్రం, ఆ బాణీయే ఎందుకు కావాల్సొచ్చిందో గట్టిగా చెప్పుకోవాలి. నా మీటింగుల పాటకి ఆ జవాబు లేదు. మీ మేయర్ పాటకీ ఉన్నట్టు లేదు.

రెండోసారి పాటనే పట్టుకున్నాను. అందులో హీరో 'నీడలా వెంటొస్తా' అంటాడు. మా ఆవిడ హీరోయిన్ తరఫున అందుకుంది: "నీడవా నువ్వు? లైటార్పేస్తా పో!" చరణమంతా అదే వరస. ట్రాక్ జోలికి పోకుండా కీబోర్డు నేనే వాయించాను, ఎందుకంటే బాణీ హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు. మీరు ఒరిజినల్ ట్రాక్ వాడి ఉంటే అది రెండో తలనొప్పి.

అయినా నోటీసు వచ్చింది. ఈసారి కౌంటర్ నోటీసు (వీడియో తీసేయడం పొరపాటని సైటుకి రాసే జవాబు) పంపాను. తేలిగ్గా తీసుకోకండి: మన పేరు, అడ్రసు అవతలివాళ్లకి వెళ్తాయి, కోర్టుకి రావడానికి సిద్ధమేనని రాసివ్వాలి. వాళ్లు కేసు వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో వీడియో తిరిగి పెట్టాలి. ఆ రెండు వారాలూ పోస్టు డబ్బా తెరవాలంటే గుండె దడదడ. కేసు వేయలేదు, వీడియో తిరిగొచ్చింది.

మీ పాటలో ఆ హిట్ పాట మీద ఒక్క చురకైనా ఉందా? ఉంటే ఆ చరణం ఇక్కడ పెట్టండి, చూద్దాం. లేకపోతే కౌంటర్ జోలికి పోకుండా సొంత బాణీ కట్టుకోండి, మేయర్ ఎక్కడికీ పోడు.