రోమన్ గుళ్లలో కూడా మనలాగే దర్శనం ఉండేదా?

మీరు అడిగింది: రోమన్ల కాలంలో జనం గుడి లోపలికి వెళ్లి దేవుణ్ణి చూసి దణ్ణం పెట్టుకునేవాళ్లా, లేక అదంతా పూజారుల వ్యవహారమా అని.

లోపలికి వెళ్లేవాళ్లు, కానీ అసలు తంతు లోపల జరిగేది కాదు. గుడి ముందు, ఆరుబయట, బలిపీఠం దగ్గర జరిగేది. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

నేను ఉద్యోగం కోసం కొన్నేళ్లు రోమ్‌లో ఉన్నాను. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డున గుళ్లు, సభాభవనాలు ఉన్న కూడలి) శిథిలాలు తిప్పి చూపించే డ్యూటీ నాదే. స్తంభాల దగ్గర ఫోటోలు దిగడం అయ్యాక అందరూ అడిగేది ఒకటే: "ఇంతకీ గర్భగుడి ఏదిరా?" విగ్రహం ఉండే గది ఉంటుంది, నిజమే. అది దేవుడి ఇల్లు. ఆయనకొచ్చిన కానుకలు, యుద్ధాల్లో కొల్లగొట్టి తెచ్చిన శిల్పాలు కూడా అక్కడే పెట్టేవాళ్లు. పండగ రోజున మాత్రం జనం చేరేది ఎత్తైన మెట్ల కింద. బలిపీఠమూ అక్కడే.

రోమ్‌లోని పెద్ద గుమ్మటం గుడి పాంథియన్ చూసొచ్చినవాళ్లు ఇది నమ్మరు. 43 మీటర్ల వెడల్పు గుమ్మటం కింద నిలబడితే, వేలమంది కూర్చుని ప్రార్థన చేయడానికే కట్టారనిపిస్తుంది. కానీ రోమన్ గుళ్లలో దానిలాంటిది మరొకటి లేదు. పైగా అది 609లో చర్చి అయింది, అందుకే ఇంత చక్కగా మిగిలింది. మామూలు రోమన్ గుడి ఎలా ఉండేదో తెలియాలంటే పాంథియన్‌ను కాసేపు పక్కన పెట్టడమే మంచిది.

నన్నడిగితే, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాత రోమన్ నగరం పొంపే వెళ్లాలి. అక్కడి ఫోరమ్‌కి తూర్పు వైపున, వెస్పేసియన్ చక్రవర్తి గుడి అని పిలిచే చిన్న ఆవరణ ఉంది. చక్రవర్తి ఆరాధన కోసం కట్టినది. దాని మధ్యలో తెల్ల పాలరాతి బలిపీఠం ఇప్పటికీ నిలబడి ఉంది. ముందు వైపు చెక్కిన బొమ్మలో తంతు మొత్తం కనిపిస్తుంది. పూజ చేసే మనిషి తన టోగా (రోమన్లు ఒంటికి చుట్టుకునే పొడవాటి బట్ట) అంచును తల మీదికి కప్పుకుని, ముక్కాలి పీట మీద పానీయం ధారపోస్తుంటాడు. పక్కన ఒకడు జంట పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. పై బట్ట లేని మనిషి ఒకడు ఆయుధం పట్టుకుని ఎద్దును తోలుకొస్తుంటాడు. వెనకాల నాలుగు స్తంభాల గుడి ముఖభాగం ఉంది. గమనించండి, అది వెనకాలే ఉంది. పీఠం పక్క వైపుల్లో ధూపం పెట్టె, గిన్నె, కూజా, తువ్వాలు కూడా చెక్కారు. ఇంకెక్కడా ఏమీ చూడకపోయినా ఇది చూస్తే చాలంటాను.

ఆ పిల్లనగ్రోవి సంగీతం కోసం కాదు. మంత్రం చదివేటప్పుడు అపశకునపు చప్పుడేదీ చెవిన పడకూడదని. మాట తప్పు పోయినా, తంతులో ఏదైనా జారినా మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. జంతువు తల మీద ఉప్పు కలిపిన పిండి చల్లేవాళ్లు. రోమ్ నగరంలో ఆ పిండిని తయారుచేసేది వెస్టా దేవత అగ్నిని కాపాడే కన్యలు. జంతువును కోశాక కాలేయం లాంటి లోపలి అవయవాలు పరీక్షించి, బాగోకపోతే ఇంకో జంతువును తెచ్చేవాళ్లు. అన్నీ సరిపోతే దేవుడి వాటా మంటలో వేసి, మిగతా మాంసం విందుకు వాడేవాళ్లు. దేవుళ్ల రాజు జ్యుపిటర్‌కి తెల్ల ఎద్దు, స్త్రీ దేవతలకి ఆడ జంతువు, పాతాళ దేవుళ్లకి నల్లవి... ఇలాంటి నియమాలు చాలానే ఉన్నాయి.

ఇదంతా చేయించే పూజారులు వేరే కులమో, సన్యాసులో కాదు, రాజకీయ నాయకులే. జూలియస్ సీజర్ క్రీ.పూ. 63లో ప్రధాన పూజారి పదవికి ఎన్నికల్లో పోటీ చేసి గెలిచాడు, ఆ ఎన్నిక కోసం విపరీతంగా అప్పులు చేశాడు కూడా. మొదటి చక్రవర్తి అగస్టస్ నుంచి ఆ పదవి చక్రవర్తుల చేతిలోనే ఉండిపోయింది.

అందుకే గుడికీ ప్రభుత్వ ఆఫీసుకీ మధ్య గీత గీయడం కష్టం. ఫోరమ్‌లో ఎనిమిది స్తంభాలతో మిగిలిన సాటర్న్ గుడిలో ప్రభుత్వ ఖజానా ఉండేది. సెనేట్ (రోమ్ పెద్దల సభ) సమావేశాలు గుళ్లలోనూ జరిగేవి. ప్రభుత్వం మీద కుట్ర పన్నిన కాటిలైన్ మీద కాన్సుల్ (రోమ్ అత్యున్నత అధికారి) సిసెరో మొదటి ప్రసంగం జ్యుపిటర్‌కి ఉన్న ఒక గుడిలో, నాలుగోది కాంకార్డ్ గుడిలో. మూడు స్తంభాలు మిగిలిన కాస్టర్ గుడి పునాది అరల్లో దుకాణాలు ఉండేవి. అక్కడి కాలవ తవ్వితే మనుషుల పుచ్చిపోయిన పళ్లు పదుల కొద్దీ దొరికాయి. అది పళ్లు పీకేవాడి కొట్టు అయి ఉండొచ్చని తవ్వకాలు చేసినవాళ్ల అంచనా. మావాళ్లలో ఒక్కరికీ గుళ్ల పేర్లు గుర్తులేవు గానీ ఈ పళ్ల సంగతి మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు.

గుడి కట్టించడం కూడా పలుకుబడి వ్యవహారమే. సేనాపతులు యుద్ధం మధ్యలో మొక్కుకుని, గెలిచాక కట్టించేవాళ్లు. పొంపేలో క్రీ.శ. 62 భూకంపానికి కూలిన ఐసిస్ (ఈజిప్టు దేవత) గుడిని తిరిగి కట్టించింది ఆరేళ్ల పిల్లవాడని శాసనం చెబుతుంది! అందుకు మెచ్చి ఆ పిల్లవాణ్ణి నగర సభలోకి తీసుకున్నారు. డబ్బు తండ్రిదేనని వేరే చెప్పక్కర్లేదు. ఒకప్పుడు బానిసగా ఉన్నవాడు కాబట్టి తండ్రికి ఆ సభలో చోటు లేదు, కొడుక్కి అడ్డంకి లేదు.

మరి మామూలు మనిషి సంగతేంటి? రోమ్‌లో పారే టైబర్ నది మధ్య దీవిలో వైద్య దేవుడు ఎస్కులేపియస్ గుడి ఉండేది. క్రీ.పూ. 293లో వచ్చిన పెద్ద అంటువ్యాధి తర్వాత ఆ దేవుణ్ణి గ్రీసు నుంచి తెచ్చుకున్నారు. నదిలో మట్టితో చేసిన పాదాలు, చేతులు, కళ్లు గుట్టలుగా దొరికాయి. మన దగ్గర అమ్మవారికి వెండి కళ్లు సమర్పించినట్టే, ఏ అవయవానికి జబ్బు చేస్తే దాని బొమ్మ. ఆ దీవిలో ఇప్పటికీ ఆసుపత్రి ఉంది.

ఇక రోమ్‌లోని కాపిటల్ కొండ మీది జ్యుపిటర్ గుడిలో జనం చేసే సేవలను తత్వవేత్త సెనెకా బాగా వెక్కిరించాడు. ఒకడు జ్యుపిటర్‌కి టైమ్ ఎంతయిందో చెబుతాడట, ఇంకొకడు ఎవరెవరు వచ్చారో పేర్లు చదువుతాడట. ఆడవాళ్లు దూరంగా నిలబడి గాల్లో వేళ్లు ఆడిస్తూ జ్యుపిటర్ భార్య జూనోకి జడ వేస్తున్నట్టు చేస్తారట, ఒకామె అద్దం పట్టుకుంటుందట. కోర్టు కేసులున్నవాళ్లు కాగితాలు చూపించి దేవుడికి తమ కేసు వివరిస్తారట. ఆయన ఎగతాళికే రాశాడు గానీ, నాకు మాత్రం వాళ్ల భక్తి గురించి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు. ప్రభుత్వం తన తంతు తాను మెట్ల కింద జరుపుకుంటే, జనం తమ దేవుడితో తమ పద్ధతిలో మాట్లాడుకున్నారు.

ఆ జ్యుపిటర్ గుడి పునాది గోడ ఇప్పుడు కాపిటోలైన్ మ్యూజియం లోపల ఉంది. గుర్రం మీద కూర్చున్న మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి విగ్రహం ఉన్న హాలు పక్కనే. చాలామంది విగ్రహం చూసి వెనక్కి తిరిగేస్తారు, మీరు వెళితే ఇంకో పది అడుగులు వేయండి.