యువ రచయితకు లేఖ: ఇచ్చినదాని బరువు

తమ్ముడికి ఆశీస్సులు.

నీ రాతప్రతి మొత్తం చదివాను. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ దగ్గర బయలుదేరి, 14 రాష్ట్రాల మీదుగా, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా అపలేచియన్ ట్రెయిల్ అనే కొండల కాలిబాట అంతా నడిచావు. సుమారు 3,500 కిలోమీటర్లు! ఆ నడకను తెలుగులో రాయాలని కూర్చున్నందుకు ముందుగా నా సంతోషం అందుకో. నేను ఆ దారి తొక్కినవాణ్ణి కాను. నడిచినవాళ్లు రాసుకున్నవి ఇష్టంగా చదువుతూ వచ్చినవాణ్ణి. అందుకని నడక గురించి నీకు చెప్పబోను. చివరి రెండు అధ్యాయాల గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను.

మెయిన్‌లోని మోన్సన్ ఊరు దాటినప్పటి నుంచి నీ పేజీలన్నీ ‘దయామూర్తి’, ‘మంచి మనసు’, ‘మరపురాని స్నేహం’ అనే మాటలతో నిండిపోయాయి. కృతజ్ఞత పొంగినప్పుడు చేతికి ముందు అందేవి ఆ మాటలే. కానీ వాటి వెనక, దారిలో నీకు తోడుగా నడిచిన ఆ పెద్దావిడ కనబడటం లేదు. ‘ఆ రాత్రి ఆవిడ తన భోజనంలో సగం నాకు పెట్టింది’ అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయావు. రాతప్రతితో పాటు పంపిన ఉత్తరంలో మాత్రం అసలు జరిగింది చెప్పావు. నూడుల్స్ ఉడికాక ఆవిడ చెంచా వెనకవైపుతో గిన్నె మధ్యలో గీత గీసి, గిన్నెను నీ వైపు తిప్పి, ‘ఏ సగం కావాలో నువ్వే తీసుకో’ అందట. అది చదివి చాలాసేపు ఆగిపోయాను. పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. పంచే పని తనది, ఎంచుకునే హక్కు నీది అని తేల్చి, చెయ్యి చాచిన భావం నీకు కలగకుండా చూసింది ఆవిడ. ఈ ఒక్క పని రాస్తే ‘దయామూర్తి’ అన్న మాట నీకు అవసరం ఉండదు.

అయితే ఆ గిన్నె దగ్గరికి వచ్చేసరికి, ఆ సగం ఎంత విలువైనదో పాఠకుడికి తెలిసి ఉండాలి. రాజమండ్రిలోనో కరీంనగర్‌లోనో కూర్చుని చదివేవారికి నూడుల్స్ పొట్లం అంటే ఏముంది? వీధి చివర దొరికేదే. మోన్సన్ తరువాత వచ్చే వంద మైళ్ల అడవి మొదట్లో ఒక బోర్డు ఉంటుంది కదా, కనీసం పది రోజుల తిండి లేకుండా అడుగు పెట్టవద్దని, అడవి అవతలి కొసన ఉన్న అబోల్ వంతెన దాకా సరుకులు దొరికే చోటు లేదని. ఆ బోర్డు నీ కథలో ఎక్కడా లేదు. తీసుకురా. రోజు తిండి అంటే వీపు మీద ముప్పావు కిలో బరువని, అందుకే అందరూ లెక్క చూసుకుని మోస్తారని మోన్సన్‌లో సంచీ సర్దుకుంటున్నప్పుడే చెప్పు. కటాడిన్ ఉన్న బాక్స్టర్ స్టేట్ పార్కులో రాత్రి బస అక్టోబరులోనే ముగిసిపోతుందని కూడా అక్కడే చెప్పు. అప్పుడు నీ మోకాలు వాచిందని ఆవిడ ఒక రోజు ఆగిపోయినప్పుడు, ఏమి వదులుకుందో నువ్వు వివరించనక్కరలేదు. సంచీలోంచి ఒక రోజు, క్యాలెండరులోంచి ఒక రోజు పోయాయని పాఠకుడే లెక్క కట్టుకుంటాడు. ధర ముందు తెలియాలి, ఇవ్వడం తరువాత జరగాలి. వరస తిరగబడితే ఎంత గొప్ప ఉపకారమైనా ధన్యవాదాల సభలా ఉంటుంది.

నువ్వు ఇచ్చింది కూడా రాయి. వర్జీనియా అధ్యాయంలో మీ అమ్మగారు పోస్టులో పంపిన కందిపొడి ఉంది. అది తిని ఆ పెద్దావిడకు కారం పట్టి కళ్లనీళ్లు వచ్చాయని, మర్నాడు మళ్లీ అడిగిందని రాశావు. తరువాత ఆ పొడి ఏమైందో తెలియదు. మెయిన్ దాకా వచ్చిందా? ఆఖరి చెంచా ఎవరు తిన్నారు? స్నేహమంటే ఒక వైపు నుంచే వచ్చేది కాదు కదా. అందుకోవడం మాత్రమే రాస్తే నువ్వు అనాథలా, ఆవిడ దేవతలా మిగిలిపోతారు. ఇద్దరికీ అన్యాయమే.

ఆగకుండా నిన్ను దాటుకుని వెళ్లిపోయిన ఇద్దరు కుర్రాళ్ల పేరా కొట్టేశావని చెప్పావు. తిరిగి చేర్చు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 67 ఏళ్ల వయసులో, తానే కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, ఈ దారంతా ఒంటరిగా నడిచింది. దారిలో అన్నం పెట్టి పడుకోబెట్టిన ఇళ్లున్నాయి, తలుపు తీయని ఇళ్లూ ఉన్నాయి. రెండో రకం ఇళ్లు లేకుండా చెబితే మొదటి రకం ఇళ్ల విలువ తెలియదు. ఆ కుర్రాళ్లను తప్పు పట్టకు, వాళ్ల సంచుల్లోనూ అదే లెక్క ఉంది. వెళ్లిపోయారని రాయి, చాలు.

కెనెబెక్ నది దాటడం గురించి మూడు పేజీలు రాశావు. ఒక పేజీ చాలు. పైన ఆనకట్ట నుంచి వదిలే నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి కాబట్టి అక్కడ నడిచి దాటకూడదు. చిన్న పడవలో దాటిస్తారు, నడిచేవారి దగ్గర డబ్బు తీసుకోరు. పడవ అడుగున కూడా దారి గుర్తుగా తెల్లగీత వేసి ఉంటుందన్న సంగతి మాత్రం ఉంచు. ఒకరి ఉద్యోగంగా, ఒక ఏర్పాటుగా సాగే మంచితనం కూడా ఉంటుందని అది చెబుతుంది. చెట్ల మీద ఆ తెల్లగీతలు దిద్దేవాళ్లు, విరిగిపడిన మానులు కోసి దారి తీసేవాళ్లు చాలావరకు జీతం లేని స్వచ్ఛంద సేవకులే. వాళ్లను నువ్వు చూడలేదు, అయినా నెలల తరబడి వాళ్ల చేతిపని వెంటే నడిచావు.

దారిలో నడిచేవారు రాత్రి తలదాచుకునే షెల్టర్లలో ఉండే నోటుపుస్తకాల ఫోటోలు పంపావు కదా. వాటిలో ఒకదానిలో, ముందు వెళ్లినవాళ్లెవరో వెనక వచ్చేవారి కోసం రాసిన రెండు వాక్యాలు చూడు. తరువాతి వాగు ఎండిపోయిందట, ఇక్కడే నీళ్లు నింపుకోమన్నారు. అందులో ప్రేమ అన్న మాట లేదు. నీ రాతప్రతిలో దానికి సాటి వచ్చే వాక్యాలు చాలా తక్కువ. రాసేటప్పుడు ఆ పేజీ ఎదురుగా పెట్టుకో.

మరొక మాట కొంచెం కఠినంగా చెబుతున్నాను. ఆ పెద్దావిడ అసలు పేరు నీకు తెలియదు, దారిలో పెట్టుకునే మారుపేరుతోనే, ట్రెయిల్ పేరుతోనే పిలిచావు. అలాగే ఉండనీ. కానీ ఆవిడ భర్త చివరి రోజుల గురించి చీకట్లో నీకు చెప్పుకున్న సంగతులు అచ్చులోకి వెళ్లకూడదు, ఆవిడ చదివి సరే అంటే తప్ప. నమ్మి చెప్పినదాన్ని అధ్యాయానికి బాగుందని వాడుకుంటే, గిన్నె నీ వైపు తిప్పిన మనిషికి నువ్వు చేసిన మర్యాద అది కాదు. ఆవిడ వద్దంటే ఆ పేజీలు తీసెయ్యి. అధ్యాయం తగ్గితే తగ్గనీ.

ఇక ముగింపు. శిఖరం మీది చెక్క బోర్డు దగ్గర, ఇద్దరూ చేతులెత్తిన ఫోటోతో ఆపేశావు. అందరూ అక్కడే ఆపుతారు. కానీ కటాడిన్ మీద ఎవరూ ఉండిపోరు. వచ్చిన దారిలోనే ఎనిమిది కిలోమీటర్లకు పైగా దిగాలి, బండలకు దిగ్గొట్టిన ఇనుపకడ్డీలు పట్టుకుని, వాచిన మోకాళ్లతో. ఇక చేరవలసిన చోటు లేదు, ఆదా చేయవలసిన రోజు లేదు. లెక్కలన్నీ తీరిపోయాక ఆ దిగుడులో మీరిద్దరూ ఒకరికొకరు ఏమయ్యారు? ఆవిడ ముందు నడిచిందా, నువ్వా? ఏమి మాట్లాడుకున్నారు, ఎక్కడ కూర్చున్నారు, కింద ఎలా విడిపోయారు? అవసరం ఉన్నప్పటి స్నేహం గురించి పుస్తకమంతా రాశావు. అవసరం తీరిపోయాక ఆ కొన్ని గంటల్లో ఏముందో తెలుసుకోవాలని నాకు నిజంగా ఉంది.

ఆ దిగుడు రాసి పంపు. తొందరపడకు. అది వచ్చాక మొత్తం మళ్లీ మొదటి నుంచి చదువుతాను.

నీ మేలు కోరే
అన్నయ్య