12 గ్రంథుల లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

తొలి దశలో పెద్దపేగు క్యాన్సర్ బయటపడినవాళ్ల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేజీలో 'బతకాలన్న పట్టుదల ఉన్నవాళ్లే బతికారు' అన్నావు చూడు, అక్కడ కాగితాలు పక్కన పడేశాను. అంటే పోయినవాళ్లకి పట్టుదల లేదనా? మా అన్నయ్యకి లేదనా?

ఆయన ఆపరేషన్ తర్వాతి రిపోర్టు ఇప్పటికీ నా దగ్గరుంది. 'లింఫు గ్రంథులు 7, క్యాన్సర్ ఉన్నవి 0.' పేగు క్యాన్సర్ పాకితే సాధారణంగా ముందు చేరేది పక్కనున్న ఈ చిన్న గ్రంథుల్లోకే. అందుకే సున్నా చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. డాక్టరుగారు మాత్రం ఆ 7 మీద వేలు పెట్టి ఆగిపోయారు. కనీసం 12 చూడాలట. కోసి తీసిన పేగును అంటుకున్న కొవ్వును పాథాలజిస్టు పలచగా తరిగి, వేళ్లతో నలిపి నలిపి వెతుకుతారు. ఒక్కో గ్రంథి కొన్ని మిల్లీమీటర్లే, ఆవగింజంతవీ ఉంటాయి. దొరకని ఎనిమిదోదాంట్లో ఏముందో ఎవరు చూశారు? ఒక్క గ్రంథిలో క్యాన్సర్ ఉన్నా అది మూడో దశ, కాబట్టి రెండో దశ అనుకున్నది మూడోదే కావచ్చు. అప్పుడు కీమో సంగతీ మారిపోతుంది. అన్నయ్యకి రెండేళ్లకి కాలేయంలో తేలింది. నీ వ్యాసంలో గ్రంథి అన్న మాటే లేదు!

ఇదంతా రాసి అప్పట్లో ఓ పత్రికకి పంపితే, సంపాదకుడు ఈ గ్రంథుల పేరా ఎత్తేసి 'ఆత్మవిశ్వాసమే అసలు మందు' అని హెడ్డింగ్ పెట్టాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఇవాళ నువ్వు దొరికావు.

కణితి పేగు గోడ దాటిందా, పేగు మూసుకుపోయో చిల్లుపడో హడావిడిగా ఆపరేషన్ చేశారా, రక్తనాళాల్లోకి పాకిందా? తిరగబెట్టే ప్రమాదాన్ని పెంచేవి ఇవి, డాక్టర్లని అడుగు. ఎమ్మెస్సై (MSI) పరీక్ష గురించీ అడుగు. కణితి కణాలు తమ డీఎన్ఏలో పడే తప్పుల్ని దిద్దుకోగలుగుతున్నాయా అని చూసే పరీక్ష అది, దిద్దుకోలేకపోతే 'హై' అని వస్తుంది. మైక్రోస్కోపు కింద చాలా మొండిగా కనిపించే కణితి కూడా రెండో దశలో ఎమ్మెస్సై హై అని వస్తే, తిరగబెట్టడం తక్కువ. ఇంత విచిత్రం చేతిలో ఉండగా విశేషణాలెందుకయ్యా?

పట్టుదల గురించే రాస్తానంటావా, అది కాళ్లలో ఎక్కడ కనిపించిందో రాయి. పెద్దపేగు క్యాన్సర్ వాళ్లకి వ్యాయామం పనికొస్తుందా అని చూసిన ఛాలెంజ్ ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. మూడో దశ, ప్రమాదం ఎక్కువున్న రెండో దశ వాళ్లు 889 మంది. కీమో అయ్యాక మూడేళ్లపాటు శిక్షకుల సాయంతో వ్యాయామం చేసినవాళ్లలో 8 ఏళ్లకి 100కి 90 మంది బతికున్నారు, ఆరోగ్య పుస్తకాలు మాత్రమే ఇచ్చినవాళ్లలో 83 మంది.

మళ్లీ రాసి పంపు. మూడో పేజీ మాత్రం తిరిగి పంపడం లేదు. అన్నయ్య రిపోర్టు దగ్గరే పెట్టాను.