3, 4 న్యూటన్లు కలిస్తే 7 ఎందుకు రాదు?

3 న్యూటన్లు, 4 న్యూటన్లు 60 డిగ్రీల కోణంలో లాగుతుంటే ఫలిత బలం 7 ఎందుకు కాదు, ఫార్ములా కంఠతా వచ్చినా జవాబు ఎందుకు తేడా కొడుతోంది అని అడిగారు. విశాఖలో, గాజువాకలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెప్తుంటాను. సదిశల (పరిమాణంతో పాటు దిశ కూడా ఉండే రాశులు, అంటే వెక్టర్ల) చాప్టర్‌లో టెన్షన్ పడేది ఎక్కువగా బొమ్మ గీయకుండా లెక్క మొదలెట్టేవాళ్లే.

ముందు హద్దులు చూసుకోండి. రెండూ ఒకే దిక్కున లాగితే 7, ఎదురెదురుగా లాగితే 1, మరే కోణమైనా జవాబు ఈ రెండింటి మధ్యే ఉంటుంది. 60 డిగ్రీలకు √(3² + 4² + 2×3×4×cos 60) = √37, అంటే సుమారు 6.08. కొందరికి 3.6 వస్తుంది. అదెలాగంటే, త్రిభుజ నియమంలో ఒక బాణం కొస దగ్గర రెండోది మొదలుపెడతాం కదా, అప్పుడు త్రిభుజం లోపలి కోణం 120 అవుతుంది, అది చూసుకోకుండా లెక్కల క్లాసులో నేర్చుకున్న కొసైన్ సూత్రంలో 60 వేసేస్తే √13 వస్తుంది, అది ఒక బలం నుంచి రెండోదాన్ని తీసేస్తే వచ్చే పరిమాణం. లెక్కలో ఇచ్చిన 60, రెండు బాణాల తోకలూ ఒకేచోట పెట్టినప్పటి కోణం. మా పిల్లలు తోకలు కలిపి, కోణం దగ్గర చిన్న చాపం గీసేదాకా నేను ఫార్ములా రాయనివ్వను.

విశాఖలోనే ఉన్నానన్నారు కాబట్టి, వీలైతే పొద్దున్నే భీమిలి వైపు వెళ్లి అలివి వల (ఒడ్డు మీద నిలబడి తాళ్లతో లాగే పెద్ద వల) లాగడం చూడండి. నేను పిల్లలకు అంశాల పద్ధతి, అంటే ఒక్కో బలాన్ని రెండు లంబ అక్షాల వెంట ముక్కలుగా విడగొట్టడం, దాంతోనే చెప్తాను. ఒడ్డున రెండు జట్లు దూరదూరంగా నిలబడి చెరో తాడూ లాగుతుంటారు. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి తూర్పు, ఉత్తరం అని అక్షాలు పెట్టుకుంటే అనవసరమైన తలనొప్పి, తీరం వెంట ఒకటి, దానికి లంబంగా ఒకటి పెట్టుకోండి. అక్షాలు మనిష్టం, ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు!

ఒక్కో జట్టు 500 న్యూటన్లతో లాగుతోందని, తాళ్ల మధ్య 60 డిగ్రీలు ఉందని అనుకుందాం. తీరం వెంట ఉండే అంశాలు చెరో 250, ఎదురెదురుగా ఉండి కొట్టుకుపోతాయి. ఒడ్డు వైపు అంశాలు చెరో 433, కలిపితే 866. అదే కోణం 120 అయితే ఒడ్డు వైపు వచ్చేది మొత్తం 500 మాత్రమే, రెండు జట్లు చెమటోడ్చినా ఒక జట్టు బలమే దక్కినట్టు. వల దగ్గరపడే కొద్దీ జట్లు ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. చేపలు జారిపోకుండా వల మూతి మూసుకోవడానికే అనుకోండి, అయినా కదలకుండా అక్కడే నిలబడితే తాళ్ల మధ్య కోణం పెరిగి ఒడ్డు వైపు బలం తగ్గిపోయేది.

మీ లెక్కకూ ఇదే వరస. 4ని x అక్షం మీద పెడితే x మొత్తం 4 + 1.5 = 5.5, y మొత్తం 2.6, వర్గాలు కలిపి మూలం తీస్తే మళ్లీ 6.08, దిశ (y మొత్తాన్ని x మొత్తంతో భాగించి టాన్ ఇన్వర్స్ తీస్తే) 4 న్యూటన్ల బలం నుంచి సుమారు 25 డిగ్రీలు. మూడు, నాలుగు బలాలున్నా ఇలాగే చేయండి, కాకపోతే x మొత్తం మైనస్ వస్తే టాన్ ఇన్వర్స్ ఇచ్చిన కోణానికి 180 కలపాలి.