టెక్ సందేహాలు: ముక్కలై వచ్చే ప్యాకెట్లను కలిపేదెలా?

ప్రశ్న: ఉండి దగ్గర మాకు రొయ్యల చెరువు ఉంది. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉష్ణోగ్రత సెన్సర్ల రీడింగులను హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్‌తో గట్టు మీది షెడ్డులో ఉన్న ఫోన్‌కి పంపుతున్నాను. యాప్ కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, వరసగా వచ్చే డేటాను నడిపించే ఆర్‌ఎక్స్‌జావా లైబ్రరీతో నేనే రాసుకున్నాను. ప్యాకెట్ 12 బైట్లు, మొదటి బైటు ఎప్పుడూ 170. ఫోన్‌కి మాత్రం ఒకసారి 7, ఇంకోసారి 5, ఒక్కోసారి 17 బైట్లు వస్తున్నాయి. పన్నెండేసి బైట్లను పోగుచేసే బఫర్(12) పెడితే కాసేపు బాగుండి, తర్వాత అన్నీ తప్పుడు అంకెలే. తెల్లవారుజామున డీఓ సున్నా చూపిస్తే టెన్షన్‌తో చెరువు దగ్గరికి పరుగే.
– ఒక రైతు, పశ్చిమ గోదావరి

జవాబు: చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారేముందే. ఆ వేళ ఏరియేటర్ వేయాలా వద్దా అన్నది ఈ అంకె చూసే కదా, కాబట్టి దీన్ని అలా వదిలేయకూడదు. మీ మాడ్యూల్‌లో తప్పేమీ లేదు. అది పంపేది ప్యాకెట్లను కాదు, బైట్ల ప్రవాహాన్ని. కాలవలో నీళ్లు బిందెల లెక్కన పారవు, ముంచుకునేవాడే కొలుచుకోవాలి. వైఫైకి మారి టీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి వాడినా ఇదే కథ.

బఫర్(12)తో చిక్కేమిటంటే, దారిలో ఒక్క బైటు పోయినా ఆ తర్వాతి లెక్కంతా ఒక స్థానం జరిగిపోతుంది, తనంతట తాను మళ్లీ సర్దుకోదు. ఫలానా మిల్లీసెకన్లకోసారి బఫర్ చేయమనే సలహా కూడా వింటుంటాం. దాన్ని నమ్మకండి, ఫోన్ కాస్త బిజీ అయితే రెండు ప్యాకెట్లు అతుక్కుపోతాయి.

మీకు కావాల్సింది ఆర్‌ఎక్స్‌జావాలోని స్కాన్ అనే ఆపరేటర్. వచ్చిన ముక్కను పాత మిగులుకి చేర్చి, పూర్తయిన ప్యాకెట్లను బయటికిచ్చి, మిగిలిన బైట్లను తర్వాతి ముక్క కోసం దాచుకుంటుంది. దాని వెనక కాన్‌క్యాట్‌మ్యాప్‌ఇటరబుల్ పెడితే ప్యాకెట్లు ఒక్కొక్కటిగా, వరస తప్పకుండా వస్తాయి. అయితే స్కాన్ బదులు స్కాన్‌విత్ వాడండి. బ్లూటూత్ తెగి, రీట్రైతో మళ్లీ మొదలైనప్పుడు స్కాన్‌విత్ మిగులును ఖాళీగా మొదలెడుతుంది. మార్చదగిన లిస్టును మామూలు స్కాన్‌కి మొదటి విలువగా ఇస్తే, పాత కనెక్షన్ చెత్త కొత్తదానికి అంటుకుంటుంది.

170 అనే అంకె రీడింగుల మధ్యలోనూ రావచ్చు. అందుకే 170 తర్వాత పొడవు చెప్పే బైటు ఒకటి, చివర రెండు బైట్ల సీఆర్‌సీ (బైట్లు పాడయ్యాయో లేదో తేల్చే లెక్క) చేర్చండి. అప్పుడు ప్యాకెట్ 15 బైట్లవుతుంది. పొడవు అసాధ్యంగా ఉన్నా, సీఆర్‌సీ కుదరకపోయినా మొత్తం పారేయకండి. ముందున్న ఆ 170ని మాత్రమే తీసేసి, తర్వాతి 170 కోసం వెతకండి. అసలు ప్యాకెట్ ఆ మిగతా బైట్లలోనే ఉండొచ్చు.

మనవాళ్లు తరచూ పడే గోతులు రెండున్నాయి. కోట్లిన్ బైటు -128 నుంచి 127 దాకానే, కాబట్టి 170 అక్కడ -86గా కనిపిస్తుంది. దాన్ని ఇంట్‌గా మార్చి 255తో యాండ్ చేశాకే పోల్చండి. రెండోది, రీడ్‌కి ఒకే అర్రేని పదేపదే ఇచ్చి, దాన్నే స్ట్రీమ్‌లోకి వదలడం. కింద వాడేలోపు పైన కొత్త బైట్లు వచ్చి పడతాయి. చదివినంత మేరకు కాపీ తీసి పంపండి.

కొన్నింటిని వదిలేసే శాంపిల్, థ్రాటిల్, ఆన్‌బ్యాక్‌ప్రెషర్‌డ్రాప్ లాంటివన్నీ ప్యాకెట్ తయారయ్యాకే పెట్టండి. రీడింగు ఒకటి పోయినా తర్వాతిది వస్తుంది, బైట్లు పోతే మాత్రం ప్యాకెట్టే పాడవుతుంది.

ప్రశ్న: బీఎల్ఈలో (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) నా 60 బైట్ల సందేశం 20 దగ్గర తెగిపోతోంది. ఎంటీయూ (ఒక్కసారికి పంపగల గరిష్ఠ బైట్లు) పెంచితే చాలా?
– ఒక విద్యార్థి, పాలకొల్లు

జవాబు: డిఫాల్ట్ ఎంటీయూ 23 బైట్లు. అందులో 3 హెడర్‌కి పోతే మిగిలేది 20. ఆండ్రాయిడ్‌లో 517 దాకా అడగొచ్చు కానీ, అవతలి పరికరం ఎంతకు ఒప్పుకుంటే అంతే. ముందు అడగండి, తక్కువ ఇచ్చినా పని ఆగకుండా పంపేవైపు ముక్కలు చేసి, ఫోన్‌లో పైన చెప్పిన స్కాన్‌విత్‌తోనే కలపండి.