టెక్ సందేహాలు: పిన్ను దూరినంత మాత్రాన టీవీలో బొమ్మ రాదు

వేసవి సెలవులు మొదలైతే చాలు, నాకొచ్చే మెయిళ్ళలో ల్యాప్‌టాప్‌లు వెనక్కి వెళ్ళి గేమ్ మెషీన్లు ముందుకొస్తాయి. ఈసారి అందరిదీ దాదాపు ఒకటే గోల. చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్‌ని టీవీకి పెట్టాలి, కంపెనీ డాక్ (మెషీన్ని కూర్చోబెట్టి కరెంటుకీ టీవీకీ కలిపే పీఠం) బదులు బయటి సరుకు వాడితే ఏమవుతుంది అని. అందుకే ఈ వారం పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. ప్రింటర్ గురించి అడిగిన చుట్టుగుంట మాస్టారు వచ్చే వారం దాకా కాస్త ఓపిక పట్టాలి.

సార్, మా బావమరిది అమెరికా నుంచి వస్తూ మావాడికి నింటెండో స్విచ్ తెచ్చాడు. పెట్టె పెద్దదని డాక్ అక్కడే వదిలేసి మెషీన్, ఛార్జర్ మాత్రం తెచ్చాడు. గవర్నర్‌పేటలో ఒక షాపులో రూ.1,800కి చిన్న డాక్ ఉందన్నారు. అది పెడితే మెషీన్ కాలిపోతుందని పక్కింటాయన అంటున్నాడు. ఎవరిని నమ్మాలి? – ఒక తండ్రి, పటమట, విజయవాడ

మీ పక్కింటాయన గాలికి పుట్టించిన మాట కాదది. 2018 మార్చిలో స్విచ్‌కి 5.0 అప్‌డేట్ వచ్చాక, బయటి కంపెనీల డాకుల్లో పెట్టిన మెషీన్లు కొన్ని ఉన్నట్టుండి ఛార్జ్ ఎక్కడం మానేశాయి. నైకో కంపెనీ పోర్టబుల్ డాక్ వాడినవాళ్ళ ఫిర్యాదులు అప్పట్లో బాగా వినిపించాయి. అయితే బయటి డాకులన్నీ మెషీన్ని కాల్చేస్తాయనుకోవడం కూడా తప్పే. ఏది ఎందుకు కాలుస్తుందో తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో మీకే తెలుస్తుంది.

టైప్-సి ఛార్జర్ గోడకి పెట్టగానే పెద్ద వోల్టేజీ పంపదు. ముందు కన్సోల్‌తో మాట్లాడుకుంటుంది. ఆ మాటల కోసం పోర్టులో సీసీ అని ప్రత్యేకంగా ఒక పిన్ను ఉంటుంది. ‘నా దగ్గర 5, 9, 15 వోల్టులు ఉన్నాయి’ అని ఛార్జర్ చెబుతుంది, ‘నాకు 15 కావాలి’ అని స్విచ్ అడుగుతుంది. మాటలు కుదిరాకే 15 వోల్టులు వస్తాయి. టీవీ మోడ్‌లో ఈ సంబంధం డాక్ మధ్యవర్తిత్వంలో కుదరాలి. నాసిరకం డాక్ పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. అటు ఒక మాట, ఇటు ఒక మాట చెప్పి పని అయిందనిపిస్తుంది. ఆ తర్వాత తిప్పలు పడేది మెషీనే. రిపేరు చేసేవాళ్ళు ‘ఎం92టీ36 పోయింది’ అంటుంటారే, అది స్విచ్‌లో ఈ కరెంటు మాటలు చూసుకునే చిప్పు.

ఇంకో ప్రమాదం కంటికి ఆనదు. టైప్-సి పోర్టులో మొత్తం 24 పిన్నులు. వాటి మధ్య ఎడం అర మిల్లీమీటరు. కరెంటు వచ్చే పిన్నూ, మాటల పిన్నూ పక్కపక్కనే ఉంటాయి. డాక్‌లో ప్లగ్గు వదులుగా ఉండి మెషీన్ వంకరగా దిగితే 15 వోల్టులు పక్క పిన్నుని తాకే అవకాశం ఉంది. అందుకే షాపులో మెషీన్ని డాక్‌లో పెట్టి చూడండి. నిటారుగా, కదలకుండా కూర్చోవాలి. ఊగిసలాడితే మాత్రం అక్కడే వదిలేసి రండి.

ఇక ఛార్జర్. నాకు జరిగిందే చెబుతాను. నేనూ ఒకసారి ఇలాంటి చిన్న డాకే కొన్నాను. మెషీన్ ఛార్జ్ అవుతోంది, టీవీలో మాత్రం బొమ్మ లేదు. డాక్ పోయిందని షాపుకి రెండుసార్లు తిరిగాను, షాపాయనతో మాటా మాటా అనుకున్నాం కూడా. చివరికి ఇంటికొచ్చి, వేలెడంత యూఎస్‌బీ మీటరు ఛార్జర్‌కీ డాక్‌కీ మధ్య పెట్టి చూస్తే 5.1 వోల్టుల దగ్గరే నిలబడిపోయింది. నేను వాడింది ఫోన్‌తో వచ్చిన ఫాస్ట్ ఛార్జర్. దాని ఫాస్టంతా దాని సొంత ఫోన్‌తోనే, బయటివాళ్ళు అడిగితే ఇచ్చేది 5 వోల్టులే. స్విచ్ అసలు అడాప్టర్ మీద చూడండి, 15 వోల్టులు, 2.6 ఆంప్స్ అని రాసి ఉంటుంది. అంటే 39 వాట్లు. మీ బావమరిది ఆ అడాప్టర్ తెచ్చాడు కాబట్టి సగం టెన్షన్ తీరినట్టే. దాని మీదే ఇన్‌పుట్ దగ్గర 100-240 అని ఉందో లేదో చూసుకుని, పిన్ను కన్వర్టర్ పెట్టి వాడుకోండి. 120 అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టకండి. అడాప్టర్ లేనివాళ్ళు పవర్ డెలివరీ (పైన చెప్పిన వోల్టుల మాటల పద్ధతి పేరు ఇదే) ఉన్న 45 వాట్ల ఛార్జర్ కొనుక్కోవచ్చు. దాని అవుట్‌పుట్ వరసలో ‘15 వోల్ట్, 3 ఆంప్స్’ ఉండి తీరాలి. పెట్టె మీద 65 అనో 100 అనో పెద్ద అంకె ఉంటే సరిపోదు.

షాపాయన ‘ఈ డాక్ పెడితే 4కె వస్తుంది’ అంటే నవ్వి ఊరుకోండి. డాక్‌లో బుర్రేమీ లేదు. మెషీన్ పంపే డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌ని హెచ్‌డీఎంఐగా మార్చడమే దాని పని. తెర మీద 720పీ ఉన్న బొమ్మ టీవీలో 1080పీ దాకా వెళ్ళడానికి కారణం, టీవీ మోడ్‌లో స్విచ్ తన చిప్పునే ఇంకాస్త వేగంగా నడుపుకోవడం. ఇక 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 సంగతి వేరు. అది టీవీలో 4కె ఇస్తుంది, కానీ పాత స్విచ్ డాక్ దానికి పనికిరాదు. పాత స్విచ్ కోసం తయారైన బయటి డాకులు కూడా చాలావరకు దాని దగ్గర చేతులెత్తేస్తాయి. పెట్టె మీద ‘స్విచ్’ అని చూసి పొరబడకండి.

నా ఓటు మాత్రం సెకండ్ హ్యాండ్‌లో దొరికే అసలు డాక్‌కే. అందులో అరిగిపోయేది పెద్దగా ఏమీ లేదు. అడుగున ఉన్న ప్లగ్గు వంగకుండా ఉందో లేదో చూసుకుంటే చాలు. ఇల్లు చేరాక ముందు అడాప్టర్‌ని డాక్‌కి పెట్టండి, తర్వాత హెచ్‌డీఎంఐ, ఆఖర్న మెషీన్. ఈ వరస తప్పితే ఒక్కోసారి బొమ్మ రాదు. అప్పుడు అన్నీ ఊడదీసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ మొదలుపెట్టండి.

మా అమ్మాయి దగ్గర స్విచ్ లైట్ ఉంది. టీవీకి పెట్టడానికి ఇప్పటికి మూడు అడాప్టర్లు కొన్నాను, ఒక్కటీ పనిచేయలేదు. నాలుగోది ఏది కొనమంటారు? – అరండల్‌పేట, గుంటూరు

ఏదీ కొనకండమ్మా. 2019లో వచ్చిన లైట్ మోడల్‌కి టీవీకి బొమ్మ పంపే ఏర్పాటే పెట్టలేదు. టైప్-సి రంధ్రం చూడ్డానికి ఒకేలా ఉంటుంది కానీ అందులోంచి వీడియో బయటకి రాదు. ఏ ఊరి అడాప్టర్ తెచ్చినా అంతే. ఆ మూడింటిలో పెట్టె చింపనివి ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

ప్లేస్టేషన్ పోర్టల్‌ని టీవీకి కలపడం ఎలా అని సత్యనారాయణపురం నుంచి అడిగినవాళ్ళకీ ఇదే జవాబు. పోర్టల్‌కి వీడియో అవుట్ లేదు. అది మీ ఇంట్లోని పీఎస్5 బొమ్మని వైఫై మీద చేతిలోకి తెచ్చే తెర. టీవీలో కావాలంటే పీఎస్5 ఎలాగూ దాని పక్కనే ఉంది కదా!

నా దగ్గర స్టీమ్ డెక్ అనే చేతిలో ఆడే గేమ్ మెషీన్ ఉంది. ల్యాప్‌టాప్ కోసం కొన్న టైప్-సి హబ్‌తోనే హాస్టల్ టీవీకి పెడుతున్నాను. బొమ్మ వస్తోంది కానీ ఏదో ఈడ్చినట్టు ఉంటుంది. గేమ్ కూడా మసకగా ఉంది. అసలు డాకే కొనాలా? – ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

అక్కర్లేదు బాబూ, డబ్బు దాచుకో. స్టీమ్ డెక్ ఈ విషయంలో మంచి పిల్ల. మామూలు హబ్‌లతో కూడా పేచీ పెట్టదు.

ఈడ్చినట్టు ఉండడానికి చాలాసార్లు కారణం ఒకటే. చవక హబ్‌లు 4కె అని రాసుకుంటాయి కానీ ఆ 4కెలో సెకనుకి 30 బొమ్మలే పంపగలవు. టీవీ 4కెది అయితే డెక్ కూడా ఆ మోడ్‌కే వెళ్ళి కూర్చుంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1080పీ, 60 హెర్ట్జ్ పెట్టి చూడు, వెన్నలా నడుస్తుంది. మసక సంగతికొస్తే, డెక్ సొంత తెర 1280x800. టీవీకి పెట్టినా చాలా గేములు ఆ సైజులోనే బొమ్మ గీసి సాగదీస్తాయి. గేమ్ ప్రాపర్టీస్‌లో గేమ్ రిజల్యూషన్ దగ్గర ‘నేటివ్’ అని మార్చు. అయితే డెక్ చిప్పుకి 1080పీ కాస్త బరువు. పెద్ద గేముల్లో గ్రాఫిక్స్ తగ్గించుకోక తప్పదు. దానికి ఏ డాకూ సాయం చేయలేదు.

హబ్‌కి పెట్టే ఛార్జర్ డెక్‌తో వచ్చిన 45 వాట్లది గానీ అంతకంటే పెద్దది గానీ ఉండాలి. కొన్ని వాట్లు హబ్ తన ఖర్చుకి ఉంచుకుంటుంది. ఇంకో మాట. హబ్ తీసేసి టైప్-సి టు హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే వాడితే బొమ్మ వస్తుంది గానీ ఛార్జింగ్‌కి దారి మూసుకుపోతుంది. డెక్‌కి ఉన్నది ఒక్క రంధ్రమే.

ఇంట్లో పాత డబ్బా టీవీ ఉంది, ఎరుపు-తెలుపు-పసుపు పిన్నులది. మనవడి గేమ్ మెషీన్ దానికి పెట్టొచ్చా? కన్వర్టర్ కొన్నాం, పనిచేయలేదు. – ఒక రిటైర్డ్ ఉద్యోగి, కృష్ణలంక, విజయవాడ

పెట్టొచ్చండి. మీరు కొన్న కన్వర్టర్ని ఒకసారి చేతిలోకి తీసుకుని పైన ఉన్న బాణం గుర్తు చదవండి. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అని ఉందా? అయితే షాపులో మీకు తిరగేసింది ఇచ్చారన్నమాట. ఈ రెండు రకాలూ అగ్గిపెట్టెకి కాస్త పెద్దవిగా, ఒకే రంగులో, కవలపిల్లల్లా ఉంటాయి. మీకు కావలసింది ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’. దానికి 5 వోల్టుల కరెంటు కూడా కావాలి. పక్కన ఉండే చిన్న యూఎస్‌బీ రంధ్రం అందుకే.

బొమ్మ నలుపు-తెలుపులో వచ్చినా, పైకి కిందకి దొర్లినా కన్వర్టర్ పక్కనున్న పాల్-ఎన్‌టీఎస్‌సీ మీటని అటూ ఇటూ జరిపి చూడండి. ఏదో ఒక దాంట్లో కుదురుకుంటుంది. పరుగులు, గెంతుల గేములు డబ్బా టీవీలో బాగానే ఉంటాయి. అక్షరాలు చదువుతూ ఆడే గేములు మాత్రం కష్టం, అక్కడ అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి.

కార్ గేమ్ ఆడుతుంటే గోడకి గుద్దుకున్నాక బ్రేక్ పడుతోంది! చేతిలో ఆడితే ఈ బాధ లేదు. వైర్ కనిపించకూడదని వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ కొన్నాం. – అన్నదమ్ములు, బ్రాడీపేట, గుంటూరు

దోషి పేరు మీరే రాశారు. వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ పెట్టె బొమ్మని కుదించి, గాల్లో పంపి, అవతల మళ్ళీ విప్పుతుంది. సినిమాకి ఆ ఆలస్యం తెలియదు, బ్రేకుకి తెలుస్తుంది. ముందు మామూలు కేబుల్ పెట్టండి.

తర్వాత టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బొమ్మకి మెరుగులు దిద్దడానికి టీవీ కొన్ని ఫ్రేములని తన దగ్గర ఆపుకుంటుంది. సెకనుకి 60 ఫ్రేముల గేములో ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు. ఆరు ఆపిందంటే సెకనులో పదో వంతు పోయినట్టే, ఆ లోపు కారు గోడ దగ్గరకి వెళ్ళిపోతుంది. గేమ్ మోడ్ ఈ మెరుగులన్నీ ఆపేస్తుంది. రంగులు కొంచెం వెలవెలబోతాయి, పట్టించుకోకండి.

టీవీ షోకేసు అద్దాల తలుపు లోపల డాక్ పెట్టాం. మధ్యాహ్నం ఆడుతుంటే ఫ్యాన్ హోరుమంటోంది, ఒకసారి ఆగిపోయింది కూడా. డాక్ మార్చాలా? – భవానీపురం, విజయవాడ

డాక్ కాదు, దాని చోటు మార్చండి. స్విచ్‌కి నింటెండో చెప్పే హద్దు 5 నుంచి 35 డిగ్రీల సెల్సియస్, స్టీమ్ డెక్‌కీ పై హద్దు 35. మన బెజవాడ మే నెలలో ఏసీ లేని గదిలో ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటుంది, అద్దాల తలుపు వెనకైతే చెప్పక్కర్లేదు. పైగా టీవీ మోడ్‌లో చిప్పు వేగంగా తిరుగుతూ ఇంకా వేడెక్కుతుంది. డాక్‌ని బయట బల్ల మీద, వెనక జానెడు ఖాళీ ఉంచి పెట్టండి. వేడి గాలి బయటికి పోయే సందులు మెషీన్ పైభాగంలో ఉంటాయి. దాని మీద దుమ్ము పడకుండా అల్లిక గుడ్డ కప్పుతుంటే ముందు అది తీసేయండి. మధ్యాహ్నం పూట చేతిలో పట్టుకుని ఆడుకోమనండి, టీవీ ఆట చీకటి పడ్డాక.